కాల్పుల్లేకుండా దొరికిన రంగం: ఆపరేషన్ డ్రాక్యులా రివ్యూ

నమస్కారం అండి. ఇవాళ రివ్యూకి తీసుకున్నది 1945 మేలో బర్మా రేవుపట్నం రంగూన్‌ని జపాన్ చేతుల్లోంచి బ్రిటిష్ వాళ్ళు విడిపించిన దాడి. పేరు ఆపరేషన్ డ్రాక్యులా. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి వైపు పాతతరం వాళ్ళు "రంగం వెళ్ళాడు" అంటారే, ఆ రంగం ఈ రంగూనే. రేవులో బస్తాలు మోసినవాళ్ళలో మనవాళ్ళు ఎంతమంది అంటే, బర్మావాళ్ళు తెలుగువాళ్ళకి కోరంగి రేవు పేరే పెట్టేశారు. కొరింగీలు అనేవారు.

ఈ దాడి మీద అందరూ అనే మాట ఒకటుంది. ఓడలు, విమానాలు, ఒక డివిజన్ సైన్యం కట్టుకుని వెళ్తే, ఊళ్ళో శత్రువే లేడు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు అని. నేను ఒప్పుకోను. ఎందుకో మ్యాప్ మీద చూపిస్తా.

[తెర మీద బర్మా మ్యాప్]

పైన మెయిక్తిలా, మాండలే. 1945 మార్చిలో ఈ రెండూ బ్రిటిష్ జనరల్ స్లిమ్ నడిపిన 14వ సైన్యానికి దొరికాయి. కింద, నదికి ఆనుకుని రంగూన్. అది 1942 మార్చి 8 నుంచి జపాన్ చేతిలో ఉంది. మెయిక్తిలా నుంచి 300 మైళ్ళ పైచిలుకు దూరం. ట్యాంకులు వెళ్తాయి, ఇబ్బంది లేదు. వాటి వెనక బియ్యం, పెట్రోలు, గుండ్లు వెళ్ళాలి కదా? అవన్నీ డకోటా విమానాల్లోనే. డకోటాతో లెక్క ఏంటంటే, సుమారు 250 మైళ్ళు దాటితే గిట్టుబాటు కాదు. ఎంత దూరం ఎగిరితే తన పెట్రోలే అంత ఎక్కువ తాగుతుంది, మోసే సరుకు తగ్గుతుంది. పైగా అమెరికా తన రవాణా విమానాలను జూన్ 1 నాటికి చైనా వైపు తీసుకుపోతానంది. మే మధ్యలో వానాకాలం. అంటే గడువులు రెండూ దగ్గరపడ్డాయి, రేవు మాత్రం ఇంకా చేతికి రాలేదు. రేవు చిక్కకపోతే అంత సైన్యమూ అడవి మధ్యలో బురదలో పస్తులుండాలి.

అందుకే మూలన పడేసిన డ్రాక్యులా ప్లాన్‌ని ఏప్రిల్ మొదట్లో బయటికి తీశారు. మే 5 లోపు సముద్రం నుంచి దిగాలని షరతు. అంత పెద్ద పనికి చేతిలో ఉన్నది నెల రోజులు! దిగాల్సింది 26వ ఇండియన్ డివిజన్. బయల్దేరింది బర్మా పడమటి తీరంలోని అక్యాబ్, క్యాక్‌ప్యూ రేవుల నుంచి.

ఇప్పుడు అసలు ముడి. రంగూన్ సముద్రం ఒడ్డున లేదు, నదిలో 20 మైళ్ళకు పైగా లోపలికి వెళ్ళాలి. నది ముఖద్వారం దగ్గర ఎలిఫెంట్ పాయింట్. అక్కడ జపాన్ ఫిరంగులున్నాయి. నదిలో మైన్లున్నాయి, అంటే ఓడ దగ్గరికొస్తే నీళ్ళలోనే పేలే బాంబులు. మైన్లు ఏరే చిన్న ఓడలు ముందు పోవాలి, వాటి వెనక ల్యాండింగ్ పడవలు. ఫిరంగులు బతికుండగా మైన్లు ఏరడం కుదరదు. కాబట్టి ముందు ఫిరంగులు, తర్వాత మైన్లు, ఆ తర్వాతే పడవలు. ఇందులో ఏ ఒక్కటి ఆలస్యమైనా పోటు వేళ దాటిపోతుంది, తిరుగుపోటులో పడవ బురదకి కూరుకుంటుంది.

మే 1న గూర్ఖా పారాట్రూపర్లు డకోటాల నుంచి దూకారు. వాళ్ళు ఫిరంగుల దగ్గరికి చేరేలోపు బాంబర్లు వచ్చి ఆ చోటును దంచాలి. దంచాయి కానీ కొన్ని బాంబులు సొంత గూర్ఖాల మీదే పడ్డాయి, ప్రాణాలు పోయాయి. విమానానికీ నేల మీద బలగానికీ మధ్య ఎంత ఎడం ఉండాలన్న లెక్క తప్పితే ఇలాగే ఉంటుంది. ఈ ముక్కకి నేను మార్కులు ఇవ్వను. ఇంతా చేస్తే అక్కడున్న జపాన్ సైనికులు 40 మందికి లోపే. లొంగలేదు, దాదాపు అందరూ చచ్చేదాకా పోరాడారు.

అదే వేళకి రంగూన్ ఖాళీ. బర్మాలో జపాన్ సైన్యాధిపతి జనరల్ కిమూరా తన కార్యాలయాన్ని మౌల్మేన్‌కి మార్చేశాడు. రంగూన్ జైల్లో ఉన్న మిత్రపక్షం యుద్ధఖైదీల్లో నడవగలిగిన 400 మందికి పైగా వాళ్ళను ఏప్రిల్ 25న ఉత్తరాన ఉన్న పెగూ వైపు నడిపించి తీసుకెళ్ళారు. మిగతావాళ్ళను జైల్లోనే వదిలేసి, 29న కాపలా వాళ్ళు మాయమయ్యారు.

[తెర మీద జైలు కప్పు ఫోటో]

ఇది చూడండి. జైలు కప్పు మీద ఖైదీలు పెద్ద అక్షరాలతో రాశారు: "జాప్స్ గాన్". పక్కన ఇంకో మాట, "ఎక్స్‌డిజిటేట్". ఏ నిఘంటువులోనూ వెతక్కండి, దొరకదు. బ్రిటిష్ వైమానిక దళంలో కుర్రాళ్ళు ఒకళ్ళనొకళ్ళు "వేలు బయటికి తీసి పని చూడవయ్యా" అని తిట్టుకునే మాటకి లాటిన్ వేషం అది. జపాన్ వాడికి తట్టే మాట కాదు, కాబట్టి రాసింది మనవాడే అని పైలట్‌కి తెలుస్తుంది. తెలివంటే ఇదీ.

అయినా దాడి ఆపలేదు. వల కావచ్చు కదా? మే 2న వానలోనే రెండు ఒడ్ల మీదా సైన్యం దిగింది. అదే రోజు బ్రిటిష్ వైమానిక దళం వింగ్ కమాండర్ సాండర్స్ మాస్కిటో విమానంలో ఊరి మీద చక్కర్లు కొట్టాడు. శత్రువు కనపడకపోయేసరికి మింగలాడన్ రన్‌వే మీద దించేశాడు. గుంతల్లో పడి విమానం దెబ్బతింది. నడుచుకుంటూ ఊళ్ళోకెళ్ళి, ఖైదీలను చూసి, సంపాన్ పడవెక్కి నదిలో కిందికి పోయి, ఎదురొస్తున్న సైన్యానికి కబురు చెప్పాడు. మే 3న డివిజన్ కాల్పుల్లేకుండా రంగూన్‌లో అడుగుపెట్టింది.

ఆ మధ్య రోజుల్లో ఊరు దోపిడీల పాలైంది. సుభాస్ చంద్రబోస్ ఏప్రిల్ 24న వెళ్ళిపోతూ మేజర్ జనరల్ లోకనాథన్ కింద ఆజాద్ హింద్ ఫౌజ్ దళాన్ని వదిలి వెళ్ళారు. ఉన్నంతలో ఇళ్ళను, ముఖ్యంగా అక్కడి భారతీయులను కాపాడింది వాళ్ళే. తర్వాత లొంగిపోయారు. ఈ సంగతి చాలా రివ్యూల్లో ఒక్క వాక్యం కూడా ఉండదు, అది నాకు నచ్చదు.

ఇక "డ్రాక్యులా లేకపోయినా ఉత్తరం నుంచి వచ్చేవాళ్ళు కదా" అనే వాదన. పైనుంచి వస్తున్న 17వ ఇండియన్ డివిజన్ పెగూ దగ్గర ఆగింది. రంగూన్ ఇంకా 50 మైళ్ళు. వాన రెండు వారాలు ముందే విరుచుకుపడింది. నది పొంగింది, వంతెనలు పేలిపోయి ఉన్నాయి, రన్‌వేలు బురదగుంటలయ్యాయి. సైన్యం సగం రేషన్ మీదికి వచ్చేసింది. సముద్రం నుంచి వచ్చినవాళ్ళూ పైనుంచి వచ్చినవాళ్ళూ మే 6న హ్లెగూ దగ్గర కలిశారు. పడవలు బయల్దేరకపోయి ఉంటే ఆ సగం రేషన్ ఇంకెంత తగ్గేదో మీరే లెక్కేసుకోండి.

కాబట్టి నా మార్కులు: రేవును గురిపెట్టినందుకు పదికి తొమ్మిది, బాంబర్ల సమన్వయానికి మూడు, గూఢచర్యానికి నాలుగు. శత్రువు ఊరు వదిలి రోజులైనా, ఆ సంగతి జైలు కప్పు చూసి తెలుసుకోవాల్సి వచ్చింది. ఊరు దొరికిన వెంటనే సరుకు ఓడలు రాలేదు కూడా. ముందు నది శుభ్రం చేయాలి. అందులో ఏరాల్సిన మైన్లలో కొన్ని, రేవును మూసేద్దామని అంతకుముందు మిత్రపక్షం విమానాలే జారవిడిచినవి.