పాటలో ఒళ్ళు ఝల్లుమనే ఆ ఒక్క చోటు

కొన్ని పాటలు వింటుంటే అబ్బ, దీంట్లో ఒక్క ముక్క కూడా కదపక్కర్లేదు అనిపిస్తుంది చూడండి, అది దేనివల్ల అంటే ట్యూన్ అంటారు, లిరిక్ అంటారు, పాడినోళ్ళ గొంతు అంటారు. అవన్నీ కావాలి, కాదనను. కానీ నేను గమనించింది ఏంటంటే, చరణం అయిపోయి మళ్ళీ పల్లవి అందుకుంటారు కదా, అసలు మ్యాజిక్ అంతా ఆ మలుపులో ఉంటుంది. వస్తుందని తెలుసు, ఎప్పుడొస్తుందో కూడా చెవి లెక్కేసుకుంటూనే ఉంటుంది, అయినా సరే వచ్చేసరికి ఒళ్ళు ఝల్లుమంటుంది.

2011లో మాంట్రియల్‌లో మెక్‌గిల్ యూనివర్సిటీ వాళ్ళు, పాట వింటే ఇలా ఒళ్ళు పులకరించే వాళ్ళనే ఎంచుకుని, వాళ్ళకిష్టమైన మ్యూజిక్కే వినిపిస్తూ మెదడు స్కాన్ చేశారు. వాళ్ళకి తేలింది రెండు, ఆ పులకరింత పీక్ దగ్గర డోపమైన్ (మెదడులో సుఖానికి సంబంధించిన రసాయనం) రావడం ఒకటి, దానికి కొన్ని సెకన్ల ముందు నుంచే మెదడులో వేరే భాగంలో కూడా రావడం ఇంకోటి. అంటే ఎదురుచూడ్డంలోనే సగం సుఖం ఉందన్నమాట.

ఇప్పుడు త్యాగరాజస్వామి పంచరత్నాల్లో మూడోది తీసుకోండి, సాధించెనే, ఆరభి రాగం, ఆది తాళం. దీంట్లో ప్రతి చరణం ముందు సరిగమల్లోనే పాడతారు, తర్వాత అదే వరసకి మాటలు. ఎంత తెలివైన పనో చూడండి, మాట రాకముందే ట్యూన్ మన చెవిలో పడిపోయింది కాబట్టి దాని మీద ఏ మాట కూర్చుంటుందా అని మనం కాచుక్కూర్చుంటాం. మాటలొచ్చాక చివర్లో 'సమయానికి తగు మాటలాడెనే' అని తిరిగొస్తుంది, అంటే ఆ కృష్ణుడు ఏ టైమ్‌కి ఏ మాట పనికొస్తే ఆ మాట చెప్పి తప్పించుకున్నాడని. దేవకీ వసుదేవుల్ని పెట్టిన తిప్పలు చెప్పాక ఆ లైన్ వస్తే నిలదీసినట్టు ఉంటుంది. గోపికల్ని ఆటపట్టించాడని చెప్పాక అదే లైన్ వస్తే మనకే నవ్వొస్తుంది. యశోద నా బిడ్డ అనుకుని మురిసిపోయి ముద్దు పెడుతుంటే ఈయన నవ్వుతూ ఉన్నాడట, దాని తర్వాత మళ్ళీ అదే లైన్, ఈసారి గొంతులో ఏదో అడ్డం పడుతుంది. స్వరం మారలేదు, మాట మారలేదు, మనం మారిపోయాం అంతే. తిరువయ్యారులో పుష్య బహుళ పంచమి నాడు త్యాగరాజ ఆరాధనలో అంతమంది కలిసి పాడతారు కదా, ఆ వీడియోల్లో ఈ చోటు రాగానే జనం మొహాలు చూడండి ఒకసారి.

అందుకే రీల్స్‌లో హుక్, అంటే పాటలో ఇట్టే పట్టేసే ఆ ముక్క ఒక్కటే కోసి పెట్టడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. హుక్ బాలేక కాదండీ, చరణం లేకపోతే అది ఎక్కడికీ తిరిగి రావట్లేదు, ఊరికే రిపీట్ అవుతోంది, అందుకే వారం తిరక్కుండానే మొహం మొత్తేస్తుంది. ఇప్పుడొచ్చే సినిమా పాటల్లో కూడా చాలావాటికి రెండో చరణమే ఉండట్లేదు, రెండో చరణం తర్వాత వచ్చే పల్లవి ఎంత బరువుగా ఉంటుందో తెలిసినవాళ్ళకి అది పెద్ద లోటు.

సాధించెనేలో ఇంకొకటుంది, ఇది మాత్రం మిస్సవ్వద్దు. పల్లవిలో మొదట 'సాధించెనే ఓ మనసా' అంటాం, అంటే తన పంతం నెగ్గించుకున్నాడని, అనుపల్లవి అయ్యాక ఇంకోసారి దానికొస్తాం, ఆ తర్వాత చరణాలు 'సమయానికి' అనే ఆ లైన్ దగ్గరికే వెళ్తాయి. మన చెవి దానికి అలవాటు పడిపోతుంది. ఆఖరి చరణంలో త్యాగరాజు తన గోడు చెప్పుకుంటాడు, అలగొద్దన్నాడు, కష్టమొస్తే ఓర్చుకోమన్నాడు, ఇన్ని చెప్పినవాడు నా దగ్గరికి మాత్రం రాకుండా... అని, మనం 'సమయానికి' లైన్ కోసం చూస్తుంటే, 'చెంత రాకనే సాధించెనే' అని మొట్టమొదటి మాటకి తీసుకెళ్ళి ఆపేస్తాడు.