మోటారు గుర్రుమంటుంది, షాటు కలవడం లేదు

యాంకర్: తర్వాతి కాల్ పర్లాకిమిడి నుంచి. చెప్పండి.

కాలర్: నమస్కారం మేడమ్, నమస్కారం సార్. మా ఊళ్లో కొమ్ముతో చేసే బొమ్మలకు వీడియోలు తీస్తుంటాను. కెమెరాను పట్టా మీద జరిపే మోటారు స్లైడర్ సొంతంగా బిగించుకున్నాను. ఒకే షాటును రెండు రకాల లైటింగ్‌లో తీసి ఒకదాని మీద ఒకటి వేయాలి సార్. రెండోసారికి కొంగ బొమ్మ ముక్కు పక్కకి జరిగిపోతోంది. బయల్దేరేటప్పుడు మోటారు గుర్రుమంటోంది కూడా.

నిపుణుడు: కెమెరా బరువెంత బాబూ? సాఫ్ట్‌వేర్‌లో ఏం పెట్టావు?

కాలర్: లెన్సుతో రెండున్నర కిలోలు. వేగం సెకనుకు 100 మిల్లీమీటర్లు. యాక్సెలరేషన్, అంటే సెకనుకు వేగం ఎంత పెరగాలన్నది, 20,000 అని ముందే ఉంది, ముట్టుకోలేదు.

నిపుణుడు: తంటా అక్కడే. ఆ వేగం సెకనులో 200వ వంతులో అందుకోమంటున్నావు. అంత బరువుతో మోటారు వల్ల కాదు, అది వేసే చిన్న చిన్న అడుగులు, అదే స్టెప్పులు, జారిపోతాయి. పాపం సాఫ్ట్‌వేర్‌కి ఆ సంగతి తెలీదు, పల్సులు, అంటే కదలమనే సంకేతాలు, పంపేసింది కాబట్టి చేరిపోయామనే అనుకుంటుంది. మిల్లీమీటరుకి ఎన్ని స్టెప్పులన్న లెక్క తప్పైతే రెండుసార్లూ ఒకేలా తప్పేది. నీకు టేకు టేకుకీ తేడా వస్తోంది, అంటే జారుతోందన్నమాట. పుల్లీ స్క్రూ కూడా ఒకసారి బిగించి చూడు.

కాలర్: మరి ఎంత పెట్టాలి సార్?

నిపుణుడు: యాక్సెలరేషన్ 100 పెట్టు. వేగం అందుకోవడానికి ఒక సెకను, 50 మిల్లీమీటర్ల దారి పడుతుంది. ఆగడానికీ అంతే. నీ పట్టా ఎంత పొడవు?

కాలర్: 600 సార్.

నిపుణుడు: మధ్యలో 500 మిగిలాయి, చాలు.

కాలర్: ఎస్-కర్వ్ అని ఇంకో ఆప్షన్ ఉంది. అది పెట్టనా?

నిపుణుడు: తప్పకుండా పెట్టు. మామూలు ర్యాంపులో, అంటే వేగం అందుకునే దశలో, తోపు ఒక్కసారిగా తగులుతుంది, కెమెరా ఊగుతుంది. ఎస్-కర్వ్‌లో మెల్లగా పెరిగి మెల్లగా తగ్గుతుంది. కానీ అదే ఒక్క సెకను ఉంచితే మధ్యలో తోపు రెండింతలవుతుంది. అందుకని ర్యాంపు రెండు సెకన్లు చెయ్యి. దారి 100 మిల్లీమీటర్లు పడుతుంది.

కాలర్: సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది సార్?

నిపుణుడు: పట్టా మీద టేపు ముక్క అంటించి పెన్సిల్‌తో గీత గీయి. కెమెరా బిగించే పదిసార్లు అటూ ఇటూ తిప్పు. గీత మీదికే వస్తే సరే, వెంట్రుకవాసి తప్పినా యాక్సెలరేషన్ సగం చెయ్యి.

కాలర్: మధ్యలో లైట్లు మార్చేటప్పుడు మోటారు కరెంటు తీసేస్తుంటాను సార్.

నిపుణుడు: అయ్యో, వద్దు! మళ్లీ ఇచ్చినప్పుడు మోటారు లోపల తిరిగే రోటరు కాస్త జరిగి కూర్చుంటుంది. రెండో టేకు అయ్యేదాకా ఆన్‌లోనే ఉంచు.