హోల్డ్ అంటే పట్టుకోమని కాదు సిస్టర్! వార్డులో ఇంగ్లీష్ చదవడం గురించి

అందరికీ నమస్కారం. ఇవాళ ఒక్క లైనుతో మొదలుపెడతాను. కేస్ షీట్‌లో డాక్టర్ గారు రాసిన లైను. ఉన్నది ఉన్నట్టు చదువుతా, వినండి. 'హోల్డ్ మెటోప్రొలాల్ ఇఫ్ హార్ట్ రేట్ లెస్ దేన్ 60.'

మీరు నైట్ డ్యూటీలో ఉన్నారు. పేషెంట్ పల్స్ 52. మాత్ర ఇస్తారా, ఇవ్వరా? కావాలంటే వీడియో ఆపుకుని ఆలోచించండి.

నేనైతే ఇవ్వబోయాను. అప్పటికి జీఎన్ఎం, అంటే నర్సింగ్ డిప్లొమా, పూర్తయి మూడు నెలలు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. హోల్డ్ అంటే నాకు తెలిసిన అర్థం పట్టుకోవడం ఒక్కటే. 'గుండె వేగం తగ్గినా సరే, ఈ మందు వదలకుండా పట్టుకో' అన్నట్టు అర్థమైంది నా బుర్రకి. మాత్ర చిన్న కప్పులో వేసుకుని మంచం దాకా వెళ్ళిపోయా. పక్క మంచం దగ్గర సెలైన్ మారుస్తున్న సీనియర్ సిస్టర్ తల కూడా తిప్పకుండా "పల్స్ ఎంతుందమ్మా?" అని అడిగారు. "52 సిస్టర్" అన్నా. ఆవిడ చేతిలో పని అలాగే వదిలేసి వచ్చి కప్పు లాక్కున్నారు. తిట్టలేదు. కేస్ షీట్ తెచ్చి, ఆ మాట మీద వేలు పెట్టి, "దీన్ని తెలుగులో చెప్పు" అన్నారు. చెప్పా. కాసేపు ఏమీ మాట్లాడలేదు ఆవిడ.

మెటోప్రొలాల్ గుండె వేగాన్ని తగ్గించే మందు. అసలే నెమ్మదిగా కొట్టుకుంటున్న గుండెకి అది ఇస్తే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. మందుల చార్ట్‌లో హోల్డ్ అంటే, ఈ డోసు ఇవ్వకుండా ఆపు, డాక్టర్‌కి చెప్పు అని. ఇంకో సంగతి, మందు పూర్తిగా కొట్టేసినట్టు కాదు. కొట్టేస్తే డిస్కంటిన్యూ అని రాస్తారు. హోల్డ్ చేసిన మందు చార్ట్‌లో బతికే ఉంటుంది. తర్వాతి డోసు టైముకి మళ్ళీ పల్స్ చూసుకుని నిర్ణయిస్తారు.

ఆ రాత్రి నాకు అర్థమైంది ఏంటంటే, మనల్ని ముంచేవి పెద్ద పెద్ద మెడికల్ పదాలు కావు. కోలాంజియోపాంక్రియాటోగ్రఫీ లాంటి మాట కనిపిస్తే భయపడతాం, ఆగుతాం, పక్కవాళ్ళని అడుగుతాం. హోల్డ్ దగ్గర ఎవరూ ఆగరు. తెలుసు కదా అని దాటేస్తారు.

అయినా పెద్ద మాటల సంగతి ముందు తేల్చేద్దాం, ఎందుకంటే అందరూ వాటికే వణుకుతారు. తెలుగు మీడియం వాళ్ళకి అక్కడ ఒక అదృష్టం ఉంది. స్కూల్లో సమాసం ఇచ్చి విగ్రహవాక్యం రాయమనేవారు, గుర్తుందా? రాజభవనం, రాజు యొక్క భవనం. మెడికల్ ఇంగ్లీష్ అంతా ఇదే. గ్రీకు, లాటిన్ ముక్కలతో కట్టిన సమాసాలు. మీరు విగ్రహవాక్యం రాసుకోవడమే.

మధుమేహం తీసుకోండి. మధు అంటే తేనె, మేహం మూత్రానికి సంబంధించినది. ఇప్పుడు ఇంగ్లీష్ పేరు చూడండి, డయాబెటిస్ మెల్లిటస్. డయాబెటిస్ గ్రీకు మాట, లోపలి నుంచి దాటిపోయేది అని అర్థం, తాగిన నీళ్ళు తాగినట్టే మూత్రంగా పోవడం. మెల్లిటస్ లాటిన్, తేనెలా తియ్యనిది. వాళ్ళూ మనవాళ్ళూ చూసింది ఒకటే జబ్బు, పెట్టింది ఒకటే పేరు! ఎనీమియా చూడండి. అన్ అంటే లేకపోవడం, ఈమియా అంటే రక్తానికి సంబంధించినది. మనకి రక్తహీనత. మైగ్రేన్ అయితే ఇంకా బాగుంటుంది. దాని పాత రూపం హెమిక్రేనియా, అంటే సగం తల. మనం పార్శ్వపు నొప్పి అంటాం, పార్శ్వం అంటే ఓ పక్క.

కాబట్టి పదం మొత్తం బట్టీ పట్టొద్దు. ముక్కలు పట్టుకోండి. నెఫ్రో కిడ్నీ, హెపటో కాలేయం, ఆర్థ్రో కీలు, ఆస్టియో ఎముక. చివర ఐటిస్ ఉంటే ఇన్‌ఫ్లమేషన్, అంటే వాపు, మంట. యూరియా ఉంటే మూత్రానికి సంబంధించినది. ఒక నలభై యాభై ముక్కలు వస్తే వందల పదాలు వాటంతట అవే విడిపోతాయి.

తోకల దగ్గర మాత్రం కళ్ళు పెద్దవి చేసుకుని చదవాలి. కొలెక్టమీ అంటే పెద్దపేగు కొంతో మొత్తమో కోసి తీసేయడం. కొలాస్టమీ అంటే పేగుని పొట్ట మీదికి తెచ్చి దారి పెట్టడం, బయట సంచి తగిలిస్తారే, అది. వేగంగా చదివితే రెండూ ఒకేలా కనిపిస్తాయి. హైపోకలీమియా, హైపర్‌కలీమియా కూడా అంతే. హైపో అంటే తక్కువ, హైపర్ అంటే ఎక్కువ. కలీ అంటే కేలియం, పొటాషియం లాటిన్ పేరు. మొదటిదానికి పొటాషియం ఇస్తాం. రెండోదానికి ఇస్తే గుండె ఆగిపోవచ్చు. తేడా ఒక్క చిన్న ముక్కలో ఉంది.

అన్నట్టు, ఈ ముక్కలు కొన్నిసార్లు పాత మూఢనమ్మకాలు కూడా మోసుకొస్తాయి. హిస్టరెక్టమీ అంటే గర్భసంచి తీసేయడం. హిస్టీరియా అన్న మాట కూడా ఆ గర్భసంచి నుంచే వచ్చింది. ఆడవాళ్ళ మనసుకి ఏం జరిగినా తప్పు గర్భసంచిదే అని పాతకాలం వాళ్ళు తీర్పు ఇచ్చేశారు. సరే, అది ఇంకో వీడియో.

ఇప్పుడు అసలు సంగతి, చిన్న మాటలు. మా దగ్గర శిక్షణకి వచ్చిన ఓ అమ్మాయి కేస్ షీట్ చదువుతూ అడిగింది, "అక్కా, ఈయన ఛాతీనొప్పిని ఎందుకు ఒప్పుకోవట్లేదు?" అక్కడ రాసి ఉన్నది 'పేషెంట్ డినైస్ చెస్ట్ పెయిన్' అని. డినై అంటే కోర్టులో ముద్దాయి కాదనడం అని నేర్చుకుంది పాపం. కేస్ షీట్‌లో దాని అర్థం, అడిగాం, లేదన్నాడు. అంతే. అబద్ధమాడుతున్నాడన్న అనుమానం అందులో ఏమీ లేదు.

టెండర్ అంటే మనకి లేత. కొబ్బరిబోండానికి టెండర్ కోకోనట్ అంటాం. 'అబ్డామెన్ టెండర్' అంటే పొట్ట మెత్తగా ఉందని కాదు, ముట్టుకుంటే నొప్పి పుడుతోందని. మెత్తగా ఉంటే సాఫ్ట్ అని రాస్తారు. ఈ రెండూ తారుమారు చేసి హ్యాండోవర్ ఇస్తే, వచ్చే షిఫ్ట్ వాళ్ళు నిశ్చింతగా కూర్చుంటారు. ప్రొడక్టివ్ కాఫ్ అంటే దగ్గితే కఫం పడుతోందని. 'స్కాన్ అన్‌రిమార్కబుల్' అంటే తేడా ఏమీ కనిపించలేదని, మంచి వార్తే. అక్యూట్ అంటే సీరియస్ అని చాలామంది అనుకుంటారు. కొత్తగా, ఉన్నట్టుండి మొదలైందని దాని అర్థం. క్రానిక్ అంటే చాలాకాలంగా ఉన్నది. పేషెంట్ అటెండెంట్ వచ్చి "క్రానిక్ అని రాశారు సిస్టర్, ముదిరిపోయిందా?" అని ఏడుస్తూ అడిగిన సందర్భాలు నాకున్నాయి.

పొట్టి అక్షరాలు ఇంకో తలనొప్పి. ఓడీ అంటే మన దగ్గర రోజుకి ఒకసారి. కంటి వార్డులో అదే ఓడీ కుడికన్ను. బయటి దేశాల్లో ఎమర్జెన్సీకి వెళ్తే, డోసు మించి మింగి వచ్చిన కేసు. ఇన్సులిన్ దగ్గర యూనిట్లకి బదులు ఒక్క యూ అక్షరం రాస్తే, గబగబా రాసినప్పుడు అది సున్నాలా కనిపిస్తుంది. 4 కాస్తా 40 అవుతుంది. అమెరికాలో ఆసుపత్రులకి గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లో రాయకూడని గుర్తుల జాబితా ఒకటి పెడితే, అందులో ఈ యూ ఉంది. 1 పక్కన చుక్క పెట్టి సున్నా రాయడం కూడా ఉంది, ఎందుకంటే చుక్క కనిపించకపోతే అది 10.

తెలిసినట్టు కనిపించే మాట ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఒక్క కేసు చెబుతా. 1980, అమెరికాలోని ఫ్లోరిడా. స్పానిష్ మాట్లాడే కుటుంబం, 18 ఏళ్ళ కుర్రాడు స్పృహ తప్పిన స్థితిలో ఆసుపత్రికి వచ్చాడు. ఇంట్లోవాళ్ళు 'ఇంటాక్సికాడో' అన్నారు. వాళ్ళ ఉద్దేశం, తిన్నదో తాగినదో ఏదో వికటించిందని. ఆసుపత్రిలో వాళ్ళకి వినపడింది ఇంటాక్సికేటెడ్. మత్తుమందు మోతాదు మించిందనుకుని ఆ వైద్యం మొదలుపెట్టారు. అసలు జరుగుతున్నది మెదడులో రక్తస్రావం. అది తెలిసేసరికి ఆలస్యమైంది, ఆ కుర్రాడికి కాళ్ళూ చేతులూ పడిపోయాయి. కేసు చివరికి దాదాపు 7.1 కోట్ల డాలర్ల పరిహారంతో తేలింది. అక్కడ ఎవరికీ తెలియని మాట వచ్చి ఉంటే, దుభాషీని పిలిచి ఉండేవారేమో.

ఇక చదవడం. ఒక పారాసెటమాల్ డబ్బా తీసుకుందాం, బ్రిటన్‌లో అమ్మేది. 500 మిల్లీగ్రాముల మాత్రలు. పెద్దవాళ్ళకి దాని మీద ఉండే మాటల సారం ఇది: ఒకటి లేదా రెండు మాత్రలు, అవసరాన్ని బట్టి ప్రతి 4 నుంచి 6 గంటలకి, 24 గంటల్లో 8 మాత్రలకి మించకుండా. ఇందులో మనవాళ్ళ కన్ను మొదట పట్టుకునేది రెండు మాత్రలు, 4 గంటలు. అంతటితో చదవడం ఆపేస్తే ఏమవుతుంది? 4 గంటలకి రెండు చొప్పున రోజుకి 12 మాత్రలు, 6 గ్రాములు. పెద్దవాళ్ళకి గరిష్ఠం 4 గ్రాములు. అంటే ఆ లైనులో ప్రాణం అంతా చివరి ముక్కలో ఉంది. ఇంకో మెలిక. మన దగ్గర ఇళ్ళల్లో ఎక్కువగా ఉండేది 650. 'ఎనిమిది దాకా వేసుకోవచ్చు' అన్న మాట మాత్రమే గుర్తుపెట్టుకుని 650 మీద వాడితే, 5,200 మిల్లీగ్రాములు. అంకె ఒక్కటే గుర్తుంటే లాభం లేదు, అది ఏ మాత్రకి చెప్పారో కూడా గుర్తుండాలి.

మన తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. చివరిదాకా వింటే గానీ ఇవ్వాలో వద్దో తెలీదు. ఇంగ్లీష్ వాడు ముందే చెప్పేసి, ఆ తర్వాత మెల్లిగా షరతు తగిలిస్తాడు. 'డు నాట్ గివ్ అన్‌లెస్ సిస్టాలిక్ ఈజ్ అబౌ 100.' మొదటి మూడు మాటలు చూసి ఇవ్వొద్దు అని పక్కన పెట్టేస్తే, పై బీపీ 130 ఉన్న పేషెంట్‌కి మందు అందదు. తిరగేసి చదవండి: పై బీపీ 100 దాటితేనే ఇవ్వు. అన్‌లెస్, అంటిల్, ఎక్సెప్ట్, ఎట్ లీస్ట్, నో మోర్ దేన్. వీటిలో ఏది కనిపించినా వాక్యాన్ని తెలుగులోకి తిప్పి, పెదాలు కదుపుతూ ఒకసారి చెప్పుకోండి. సిగ్గేం లేదు. నేను ఇప్పటికీ చెప్పుకుంటాను.

యూకే వెళ్ళాలనుకునే వాళ్ళకి ఓ మాట. అక్కడ చికిత్స మార్గదర్శకాలు తయారుచేసే సంస్థ నైస్. వాళ్ళు మాటలని తూకం వేసి వాడతారు. ఆఫర్ అని రాస్తే గట్టి సిఫార్సు. కన్సిడర్ అని రాస్తే అంత గట్టిది కాదు, పేషెంట్‌ని బట్టి చూడు అని. మస్ట్ అన్నది చట్టం తప్పనిసరి చేసిన చోటో, ప్రమాదం మరీ పెద్దదైన చోటో తప్ప వాడరు. మనకేమో ఆఫర్ అంటే దసరా డిస్కౌంటు!

విదేశాల్లో పనిచేయాలనుకునే నర్సులు, డాక్టర్ల లాంటి వాళ్ళు రాసే ఇంగ్లీష్ పరీక్ష ఓఈటీ. దాని రీడింగ్ అడిగేది కూడా దాదాపు ఇదే. మొత్తం 60 నిమిషాలు, 42 ప్రశ్నలు. పార్ట్ ఏ 15 నిమిషాలు, నాలుగు చిన్న పాఠాలు, 20 ప్రశ్నలు. టైము అవగానే ఆ భాగం అయిపోయినట్టే. అక్కడ అంతా చదువుతూ కూర్చోకూడదు, వార్డులో డోసు వెతికినట్టు వెతకాలి. పార్ట్ బీ ఆరు చిన్న ముక్కలు, ప్రోటోకాల్స్, నోటీసులు లాంటివి. మన హోల్డ్, అన్‌లెస్ అన్నీ అక్కడే కాపు కాసి ఉంటాయి. పార్ట్ సీలో రెండు పొడుగు వ్యాసాలు, ఒక్కోదానికి ఎనిమిది ప్రశ్నలు. నర్సింగ్ రిజిస్ట్రేషన్‌కి యూకేలో రీడింగ్‌లో అడిగే స్కోరు 500కి 350. ఈ పరీక్ష కోసం మెడికల్ డిక్షనరీ బట్టీ పట్టే వాళ్ళని చూస్తే నాకు జాలేస్తుంది.

బదులుగా ఒక రెండు వందల పేజీల నోట్‌బుక్ పెట్టండి. అందులో పదం, ఎదురుగా అర్థం రాయొద్దు. హోల్డ్ ఈజ్ ఈక్వల్ టు ఆపు అని రాస్తే, రేపు 'హోల్డ్ ద బేబీ' అన్నప్పుడు ఏం చేస్తారు? మీరు చదివిన లైను మొత్తం రాయండి, పేషెంట్ పేరు లేకుండా. కింద తెలుగులో, మీ అమ్మకి చెప్పినట్టు రాయండి. రోజుకి రెండు లైన్లు చాలు. మందుల డబ్బాలో మడతలు మడతలుగా ఒక కాగితం ఉంటుంది కదా, తీసి పారేస్తాం, అది పారేయకండి. రోజూ మీ చేత్తో ఇచ్చే మందు కాగితంలో కాంట్రాఇండికేషన్స్, అంటే ఆ మందు ఎవరికి ఇవ్వకూడదో చెప్పే భాగం, ఒక్కటి చదవండి. మందు మీకు ముందే తెలుసు కాబట్టి ఇంగ్లీష్ దానంతట అదే లొంగుతుంది.

సరే, ఇవాళ్టి లైను ఇస్తున్నా. రేపు ఉదయం ఆపరేషన్ ఉన్న పేషెంట్, మంచం దగ్గర చార్ట్ మీద ఇలా రాసి ఉంది: 'నథింగ్ బై మౌత్ ఆఫ్టర్ మిడ్‌నైట్, ఎక్సెప్ట్ సిప్స్ ఆఫ్ వాటర్ విత్ మార్నింగ్ మెడికేషన్స్. హోల్డ్ మెట్‌ఫార్మిన్.' పొద్దున ఆరింటికి ఆయనకి రెండు మాత్రలున్నాయి, బీపీది ఒకటి, షుగర్ మందు మెట్‌ఫార్మిన్ ఒకటి. ఏది ఇస్తారు, ఏది ఆపుతారు, ఎన్ని నీళ్ళతో? ఆ లైనుని తెలుగులోకి తిప్పి కామెంట్‌లో రాయండి. శుక్రవారం వీడియోలో అన్నీ చదువుతాను.