సముద్రం ఎదుట స్టెయిన్‌లెస్ స్టీలు

వేదిక మీది పెద్దలకూ, ఆటోనగర్ నుంచీ గాజువాక నుంచీ పని ఆపుకొని వచ్చిన వెల్డర్, ఫిట్టర్ సోదరులకూ నమస్కారం. స్టెయిన్‌లెస్ స్టీలు గ్రేడుల గురించి మాట్లాడమన్నారు. ఎక్కడ మొదలుపెట్టినా నేను ఒక బాల్కనీ రెయిలింగ్ దగ్గరికే వస్తాను కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

బీచ్‌రోడ్డు వైపున్న ఒక అపార్ట్‌మెంటులో నాలుగో అంతస్తు రెయిలింగ్ నేనే బిగించాను. నేను అడిగింది 304 గ్రేడు. వచ్చింది 202. నిలదీస్తే వ్యాపారి కాగితం తెచ్చి చూపించాడు: పైపు ఇక వంగితే మళ్ళీ నిటారు కాని స్థితికి, అంటే ఈల్డ్‌కు, కనీసం 304లో 205 మెగాపాస్కల్, 202లో 260, తెగే బలం 515కు ఎదురుగా 620, సాగుదల రెండింటికీ 40 శాతం. "ఇంకా గట్టి సరుకే ఇచ్చాను కదండీ" అన్నాడు. ఆ అంకెల్లో అబద్ధం లేదు. నేను ఒప్పుకున్నాను, ఆ తప్పు నాదే.

రెండు వానాకాలాలు గడిచేసరికి పైపుల మీద టీ డికాషన్ రంగు మరకలు దిగాయి. స్తంభం అడుగున, వెల్డింగు పక్కన, సూదిమొనంత గుంటలు పడ్డాయి. ఆ ఇంటి పెద్దావిడ బట్టలు ఆరవేస్తూ చెయ్యి ఆనిస్తే స్తంభం కదిలింది. ఆవిడ వెనక్కి తగ్గి నిలదొక్కుకున్నారు. "తుప్పు పట్టదన్నావు కదా బాబూ" అని ఆవిడ అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఆ జవాబు ఇప్పుడు మీకు చెబుతాను. కనీసం 10.5 శాతం క్రోమియం ఉన్న ఉక్కు గాలి తగలగానే తన మీద తానే క్రోమియం ఆక్సైడు పొర కప్పుకుంటుంది. కొన్ని నానోమీటర్ల ఆ పొర గీసుకుపోయినా మళ్ళీ ఏర్పడుతుంది. మన గాలిలోని ఉప్పు, అంటే క్లోరైడు, ఆ పొరను ఒక్కొక్క చుక్క దగ్గర ఛేదించి లోపలికి తొలుస్తుంది. ఎంత బరువుకు వంగుతుందో చెప్పే అంకెకు ఈ సంగతి తెలియదు. 202లో నికెల్‌ను 4 నుంచి 6 శాతానికి తగ్గించి, 7.5 నుంచి 10 శాతం దాకా మాంగనీసు, దానితో నత్రజని కలుపుతారు. బలం పెరిగేది నత్రజని వల్ల. మాంగనీసు సల్ఫైడు రేణువులు ఉన్నచోట గుంటలు తరచుగా మొదలవుతాయి.

నిజానికి 304 వేసినా అక్కడ మరకలు వచ్చేవే. నేను అడగవలసింది 316. దాని కనీస బలాలు 304వే, అదే 205, అదే 515. తేడా అంతా 2 నుంచి 3 శాతం మాలిబ్డినంలో ఉంది. గుంటలను ఆపే లెక్కలో ఒక పాలు మాలిబ్డినం 3.3 పాళ్ళ క్రోమియంతో సమానం. బలమూ కావాలి, ఉప్పునూ తట్టుకోవాలి అంటే రెండు రకాల స్ఫటిక నిర్మాణాలు కలిసిన 2205 డ్యూప్లెక్స్ గ్రేడు ఉంది: ఈల్డ్ 450, కానీ సాగుదల 25 శాతమే కనుక వంచేటప్పుడు జాగ్రత్త.

వెనక వరుసలోని వెల్డింగు కుర్రాళ్ళు ఈ ఒక్క మాట రాసుకోండి. వెల్డు పక్కన 450 నుంచి 850 డిగ్రీల వేడిలో కార్బన్ వెళ్ళి ఉక్కు లోపలి స్ఫటికాల అంచుల దగ్గర క్రోమియాన్ని పట్టుకుంటుంది, అక్కడ క్రోమియం కాపలా పోతుంది. అందుకే కార్బన్ 0.03 శాతానికి మించని ఎల్ గ్రేడులు వచ్చాయి. 304ఎల్ ఈల్డ్ 170 మాత్రమే. అంకె తగ్గిందని దాన్ని పక్కన పెట్టకండి.

అయస్కాంతాన్ని నమ్మకండి. 202కూ అతుక్కోదు, 304కూ అతుక్కోదు. వంచిన 304 మూల దగ్గర మాత్రం కాస్త లాగుతుంది. మన ఊరి ఉక్కు కర్మాగారంలో తయారయ్యేది స్టెయిన్‌లెస్ కాదు, ఈ సరుకు బయటి నుంచే వస్తుంది. కనుక టెస్ట్ సర్టిఫికెట్ అడగండి, దాని మీది హీట్ నంబరూ, అంటే ఒక్కో కొలిమి పోతకు ఇచ్చే నంబరూ, సరుకు మీది నంబరూ ఒకటేనా చూడండి, 316 అన్నారంటే రసాయనం చుక్క వేసి మాలిబ్డినం ఉందో లేదో చూసే చుక్క పరీక్ష మీ కళ్ళ ముందే చేయించండి.

ఆ స్తంభం అడుగు ముక్కను కోసి తెచ్చాను, ఈ బల్ల మీదే ఉంది. బయటికి ఇంకా మెరుస్తూనే ఉంటుంది. తిప్పి, వెల్డు వైపు వేలు పెట్టి చూడండి.