సమాజాన్ని చదవడం శాస్త్రమేనా? స్టూడియో చర్చ, ఉన్నదున్నట్టు

(ఎన్నికల సర్వేలు బోల్తా కొట్టాయన్న గొడవ మీద జరిగిన చర్చ. మాటలు కలిసిపోయిన చోట వినిపించినంతే రాశాం.)

యాంకర్: సూటిగా అడుగుతా. ముందే చెప్పలేనిదాన్ని శాస్త్రం అనొచ్చా?

సోషియాలజీ ప్రొఫెసర్: సర్వే వేరు, సమాజశాస్త్రం వేరండీ. సర్వే ఒక పనిముట్టు...

ఫిజిక్స్ ప్రొఫెసర్: పనిముట్టేంటి మేడమ్! గ్రహణం ఎప్పుడో మేం సెకన్లతో సహా చెప్తాం. మీరు వచ్చే వారం సంగతి చెప్పలేరు. పేరు చివర 'శాస్త్రం' తగిలిస్తే అయిపోయిందా?

సోషియాలజీ: చంద్రుడు మీ లెక్క చదివి దారి మార్చుకోడు కదా సార్. ఓటరు సర్వే చదువుతాడు. అమెరికా సోషియాలజిస్టు మెర్టన్ 1948లోనే చెప్పాడు. బ్యాంకు మునుగుతోందని పుకారు లేస్తే జనం డబ్బు కోసం ఎగబడతారు, బాగున్న బ్యాంకు కూడా నిజంగానే మునుగుతుంది. అందుకే మా...

యాంకర్: అంటే ముందే చెప్పలేరని ఒప్పుకుంటున్నారు!

సోషియాలజీ: నేనన్నది అది కాదండీ...

ఫిజిక్స్: ఒప్పుకున్నారుగా! 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ఏమైంది? లిటరరీ డైజెస్ట్ పత్రిక సర్వేకు 20 లక్షలకు పైగా కార్డులు తిరిగొచ్చాయి. రూజ్‌వెల్ట్ మీద పోటీ చేసిన లాండన్‌దే గెలుపు అంది. ఆయనకు దక్కింది రెండంటే రెండు రాష్ట్రాలు!

గణాంక నిపుణుడు: అదే ఎన్నికలో సర్వేలు చేసే గాలప్ అంతకంటే చాలా చిన్న శాంపిల్‌తో రూజ్‌వెల్ట్ పేరు చెప్పాడు సార్. పత్రిక అడ్రసులు తీసుకుంది ఫోన్ డైరెక్టరీల్లోంచి, కార్ల రిజిస్ట్రేషన్లలోంచి. మాంద్యం రోజుల్లో ఫోనూ కారూ ఎవరికుంటాయి? పైగా ఓపిగ్గా కార్డు తిరిగి పంపేదెవరు? తప్పు ఎక్కడుందో వెతికి పట్టుకున్నారు.

ఫిజిక్స్: పోయాక పోస్టుమార్టం! (నవ్వు) మరి 2015 సంగతి? 100 సైకాలజీ అధ్యయనాలను మళ్లీ చేసి చూస్తే సగం కూడా నిలబడలేదు.

గణాంక: మళ్లీ చేసి చూసిందీ ఆ రంగం వాళ్లే.

ఫిజిక్స్: పాయింట్ అది కాదు. గ్రహణం...

యాంకర్: ఆర్థికశాస్త్రానికి నోబెల్ ఇస్తున్నారుగా మరి?

ఫిజిక్స్: నోబెల్ వీలునామాలో అది లేనే లేదు! 1968లో స్వీడన్ కేంద్ర బ్యాంకు పెట్టింది.

(ఇక్కడి నుంచి చాలాసేపు వీలునామా గొడవే. వదిలేశాం. ఆ మధ్యలో మేడమ్ మూడుసార్లు చెయ్యెత్తారు.)

సోషియాలజీ: ఒక్క మాట చెప్పనివ్వండి. 1897లో ఫ్రెంచ్ సోషియాలజిస్టు దుర్ఖైమ్ ఆత్మహత్యల లెక్కలు ముందేసుకున్నాడు. ఎవరు చేసుకుంటారో చెప్పలేదు. కానీ ఒక్కో సమాజంలో ఆ రేటు ఏటేటా పెద్దగా మారదని, కాథలిక్కుల కంటే ప్రొటెస్టెంట్లలో ఎక్కువని చూపించాడు. ఆ లెక్కల మీద తర్వాత అభ్యంతరాలొచ్చాయి, రావాలి కూడా. ఒక మనిషిని కాదు, గుంపుని...

యాంకర్: అవునా, కాదా మేడమ్? ముందే చెప్పగలరా?

సోషియాలజీ: కొన్నిచోట్ల చెప్పగలం, కాస్త అటూ ఇటూగా...

ఫిజిక్స్: అటూ ఇటూ! విన్నారా?

గణాంక: మీ కొలతల్లో మాత్రం ఉండదా సార్? ఎర్రర్...

(ఇద్దరూ ఒకేసారి. ఏదీ వినపడలేదు.)

యాంకర్: టైమ్ అయిపోయింది. సార్, 30 సెకన్లలో ముగించండి.

(సార్ రెండు నిమిషాలు తీసుకున్నారు. గ్రహణం మళ్లీ వచ్చింది.)

సోషియాలజీ: నాకూ ఆ 30 సెకన్లు...

యాంకర్: బ్రేక్ తర్వాత మేడమ్.

(బ్రేక్ తర్వాత వాతావరణ సూచనలు మొదలయ్యాయి.)