పాత రేసు కారు ‘ఒరిజినలా’ కాదా? చూసే పద్ధతి

స్పేర్ పార్టుల షాపుకి వెళ్తే మనల్ని అడిగే మొదటి మాట ఏంటి? “ఒరిజినల్ ఇమ్మంటారా, డూప్లికేటా?” అంతే కదా. కోట్లు పలికే పాత రేసు కారు దగ్గరకొచ్చేసరికి ఈ రెండు మాటలూ చాలవు. ఎందుకు చాలవో 1990లో లండన్‌లో ఒక జడ్జిగారు విడమరిచి చెప్పారు. ముందు ఆ కేసు చెప్తాను, తర్వాత కారు చుట్టూ తిరుగుతూ ఎక్కడెక్కడ చూడాలో చూద్దాం.

[తెరపై: ఆకుపచ్చ బెంట్లీ, ముందు నుంచి]

దీని పేరు ఓల్డ్ నెంబర్ వన్. బెంట్లీ స్పీడ్ సిక్స్, ఆరున్నర లీటర్ల ఇంజిన్. ఫ్రాన్స్‌లో 24 గంటల లె మాన్ రేసు ఉంది కదా, 1929లో వుల్ఫ్ బార్నాటో, టిమ్ బర్కిన్ దీన్ని నడిపి గెలిచారు. 1930లో బార్నాటో, గ్లెన్ కిడ్‌స్టన్ మళ్లీ దీంతోనే గెలిచారు. తర్వాత కూడా దీనికి విశ్రాంతి లేదు. బాడీ మారింది, ఫ్రేమ్ మారింది, ఇంజిన్ తీసేసి ఎనిమిది లీటర్లది పెట్టారు. 1932లో ఇంగ్లండ్‌లోని బ్రూక్‌లాండ్స్ ట్రాక్‌లో ఏటవాలు గోడ అంచు దాటి పడిపోయింది, నడుపుతున్న క్లైవ్ డన్‌ఫీ చనిపోయాడు. మిగిలినదాన్ని బార్నాటో రోడ్డు మీద తిరిగే కూపేగా, అంటే పైకప్పున్న రెండు తలుపుల కారుగా కట్టించుకున్నాడు. చాలా ఏళ్ల తర్వాత ఇంకో యజమాని దాన్ని మళ్లీ రేసు రూపంలోకి తెచ్చాడు.

1990లో దీనికి బేరం కుదిరింది. కోటి పౌండ్లు! తీరా కొనేవాళ్లు అడ్డం తిరిగారు. “లె మాన్‌లో గెలిచిన కారులోది ఇందులో ఏం మిగిలింది?” అన్నారు. న్యాయంగా చూస్తే చిన్నాచితకా భాగాలు తప్ప ఏమీ లేవు. విషయం కోర్టుకెళ్లింది. జస్టిస్ ఆటన్ ఏమన్నారంటే, దీన్ని ‘ఒరిజినల్’ అనడం కుదరదు, అలాగని నకలూ కాదు. భాగాలు ఒకటొకటిగా, కారు వాడకంలో ఉండగానే మారుతూ వచ్చాయి. కథ మధ్యలో ఎక్కడా తెగలేదు. ఆ పేరు మాదే అని చెప్పుకోగల కారు ప్రపంచంలో ఇంకోటి లేదు. కాబట్టి ఇది నిజమైన ఓల్డ్ నెంబర్ వనే. బేరం చెల్లుతుందన్నారు.

నాకైతే ఈ తీర్పు సబబే అనిపిస్తుంది. కాకపోతే ఆ సీట్లో బార్నాటో కూర్చున్నాడని మాత్రం ఈ తీర్పు చెప్పదు. అందుకే ఏ కారు చూసినా నేను రెండు ప్రశ్నలు వేరువేరుగా అడుగుతాను. ఈ పేరు దీనిదేనా? ఈ లోహం ఎప్పటిది? రెండూ కలిపి అడిగితే గొడవే మిగులుతుంది.

సరే, ఇప్పుడు పనిలోకి దిగుదాం.

[దగ్గరి షాట్: ఫ్రేమ్ మీద కొట్టిన నెంబరు]

సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్లకి ఇది తెలిసిందే. ఛాసిస్ నెంబరు మీద కాగితం పెట్టి, పెన్సిల్ రుద్ది ప్రింట్ తీస్తాం. ఇక్కడా అదే చేయండి. ఈ అంకెలు చేత్తో పంచ్ పెట్టి సుత్తితో కొట్టినవి. అందుకే ఒకటి లోతుగా, ఒకటి పైపైన పడతాయి, ఒకటి కాస్త పక్కకి ఒరుగుతుంది. ‘4’ పైన తెరుచుకుని ఉందా, మూసుకుని ఉందా? ‘3’ తోక ఎలా తిరిగింది? అదే వర్క్‌షాపులో అదే ఏడాది తయారైన ఇంకో కారు ప్రింట్ పక్కన పెట్టి చూడండి. అంకెలన్నీ స్కేలు పెట్టినట్టు ఒకే వరసలో ఉంటే నాకు అనుమానం మొదలవుతుంది. చుట్టూ లోహం మరీ నున్నగా, పల్లంగా ఉంటే అక్కడ గ్రైండర్ తిరిగిందని అర్థం. రివెట్లతో బిగించిన నెంబరు పలకని మాత్రం అసలు లెక్కలోకి తీసుకోవద్దు, అది ఏ కారుకైనా బిగించుకోవచ్చు.

నెంబరు సరిపోయిందని పొంగిపోకండి. యాక్సిడెంట్ అయితే టీమ్ వాళ్లు కొత్త ఫ్రేమ్ తెచ్చి, పాత నెంబరు దానికే కొట్టి, వంకరపోయిన ఫ్రేమ్‌ని షెడ్డు వెనకాల పడేసేవాళ్లు. ముప్పై ఏళ్ల తర్వాత ఎవరో ఆ తుప్పు ఫ్రేమ్ కొనుక్కుని దాని చుట్టూ ఒక కారు కడతారు. ఒకే నెంబరుతో రెండు కార్లు! ఇద్దరు యజమానులూ అబద్ధం చెప్పట్లేదు, అదీ తలనొప్పి.

అందుకని పాత ఫోటోలు కావాలి. రివెట్లు లెక్కపెట్టండి. ఫోటోలో తలుపు కింద పదకొండు కనబడి, కారు మీద పద్నాలుగు ఉంటే ఆ రేకు మారిందన్నమాట. ఎప్పుడు మారిందో తేల్చడానికి మళ్లీ ఫోటో తేదీ కావాలి. రెండు రేసుల మధ్య టీమే మార్చి ఉంటే అది కారు చరిత్రలో భాగం. నిన్న మొన్న మార్చి ఉంటే బిల్లులో భాగం.

రంగుని బట్టి మోసపోవడం మరీ తేలిక. పోర్షె వాళ్ల 917 రేసు కార్లలో మొట్టమొదటిది, అంటే 001 నెంబరుది, 1969లో జెనీవా షోలో తెల్లగా, ముక్కు ఆకుపచ్చగా నిలబడింది. 1970లో లె మాన్ గెలిచింది వేరే 917, ఎరుపూ తెలుపూ రంగుది. తర్వాత ప్రదర్శన కోసం 001కి కూడా అదే ఎరుపూ తెలుపూ వేసేశారు. కంపెనీ వాళ్లే! 2019లో మళ్లీ జెనీవా రూపానికి తెచ్చారు.

కాగితాల గురించి ఒక్క మాట. కారు రేసుల ప్రపంచ సంస్థ ఎఫ్‌ఐఏ ఇచ్చే హిస్టారిక్ టెక్నికల్ పాస్‌పోర్ట్ చూపించి “చూశారా, ఒరిజినల్” అంటారు. ఆ పాస్‌పోర్ట్ చెప్పేది కారు ఆనాటి కొలతలకి, నిర్మాణానికి సరిపోతుందని మాత్రమే. అచ్చం అలాగే కొత్తగా కట్టిన కారుకీ అది రావచ్చు. అలాగే పాత మెగ్నీషియం చక్రాలు మార్చారని మొహం ముడుచుకోవద్దు, పగుళ్లొచ్చిన చక్రాలతో రేసుకి వెళ్లమనడం నా వల్ల కాదు. పాతవి పారేయకుండా దాచారా అని అడగండి, చాలు.

ఇక అన్నిటికంటే తిరిగి రానిది పెయింట్. ఫిలడెల్ఫియాలో సిమియోన్ మ్యూజియం ఉంది. అక్కడ షెల్బీ డేటోనా కూపే అనే రేసు కారుని, నెంబరు సీఎస్ఎక్స్ 2287, రిస్టోర్ చేయకుండా అలాగే నిలబెట్టారు. ఆరు తయారైతే ఇది మొదటిది. గీతలు, పెచ్చులు అన్నీ ఉన్నాయి. 2014లో అమెరికా చారిత్రక వాహనాల రిజిస్టర్‌లోకి ఎక్కిన మొదటి బండి కూడా ఇదే.

నేనేమో మా నాన్నగారి స్కూటర్‌ని “ఒరిజినల్‌గా చేసివ్వండి” అని టింకరింగ్ షెడ్డులో ఇచ్చాను. వాళ్లు ఉప్పుకాగితం పెట్టి మొత్తం రుద్ది, పుట్టీ పెట్టి, మెరిసిపోయేలా తెచ్చారు. ముందు మడ్‌గార్డ్ మీద నాన్నగారు బ్రష్‌తో స్వయంగా రాసుకున్న పేరు పోయింది. వాళ్లని ఏం అనను, అడిగింది నేనే.

కెమెరా ఇలా తిప్పండి. పెయింటర్ బద్ధకించే చోట్లే మనం వెతకాలి: డాష్‌బోర్డ్ వెనక, సీటు కింద, మూతల లోపలి వైపు. ఇదిగో, మా స్కూటర్ డిక్కీ మూత లోపల చూడండి. ఈ నీలం నాన్నగారు ఉన్నప్పటిదే. దీన్ని మాత్రం తుడవను కూడా తుడవలేదు.