కరోనాలో ఎవరి దగ్గర అప్పు చేశాం?

సభకు నమస్కారం. వేదిక మీదున్న సంఘం పెద్దలకి, షాపులు కట్టేసి నేరుగా ఇక్కడికి వచ్చిన మీ అందరికీ కృతజ్ఞతలు.

నేను ఈ ఊళ్లో చిన్న షాపులకి లెక్కలు రాస్తాను, జీఎస్టీ రిటర్నులు వేస్తాను. మీలో చాలామంది చిట్టా పుస్తకాలు నాకు తెలుసు. కరోనా పోయి ఇన్నేళ్లయ్యాక మళ్లీ ఆ గొడవ ఎందుకండీ అని నిన్న ఒకరు అడిగారు. అప్పుడు చేసిన అప్పులకి మన బజార్లో కొందరు ఇవాళ్టికీ వాయిదాలు కడుతున్నారు. అందుకే ఈ మాట ఎత్తాను.

ఆ రెండేళ్ల పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని చూశాను. అమ్మకాలు పడిపోవడం కిరాణా, మందుల షాపులు తప్పిస్తే దాదాపు అందరికీ ఒకటే. తర్వాత ఒకాయన నిలదొక్కుకున్నాడు, పక్క షాపు ఆయన ఐపీ పెట్టాడు, అంటే దివాలా తీశాడు. ఇద్దరిదీ ఒకే బజారు, ఇంచుమించు ఒకే సరుకు. తేడా ఎక్కడొచ్చిందని వెతికితే, మొదటి మూడు నెలల్లో ఎవరి దగ్గర అప్పు చేశారన్న దగ్గర వచ్చింది. ఈ పూట నేను చెప్పదలుచుకున్నది ఇదే.

2020 మార్చి 25 ఏ రోజో గుర్తుందా? శార్వరి నామ సంవత్సర ఉగాది. ముందురోజు రాత్రి 8 గంటలకి టీవీలో ప్రధాని మాట్లాడారు, అర్ధరాత్రి నుంచి లాక్‌డౌన్. బట్టల షాపుకి ఉగాది, శ్రీరామనవమి, పెళ్లిళ్లు, రంజాన్ అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చే కాలం అది. సరుకు ఫిబ్రవరిలోనే సూరత్ నుంచి అరువు మీద దిగింది. ఒక బట్టల షాపు చిట్టా నా దగ్గర ఇప్పటికీ ఉంది. మార్చి 21 శనివారం దాకా జమ వైపు వరసలు నిండుగా ఉంటాయి. మర్నాడు జనతా కర్ఫ్యూ. ఆ తర్వాత పేజీలు తిప్పుతూ పోతే జమ వైపు తెల్ల కాగితమే. ఖర్చు వైపు మాత్రం రాత ఆగలేదు. షాపు అద్దె, కరెంటు బిల్లు, ఇద్దరు గుమాస్తాలకి సగం జీతం, ఇంటి పాలు, అమ్మాయి కాలేజీ ఫీజు, నాన్నగారి షుగరు మందులు. షాపు ఖర్చు, ఇంటి ఖర్చు ఒకే పేజీలో, ఒకే చేతిరాతలో. మన చిన్న వ్యాపారాలన్నీ ఇంతే. గల్లాపెట్టె ఒక్కటే, దాంట్లోంచే షాపూ బతకాలి, ఇల్లూ బతకాలి. అందుకే షాపు మూతపడిన రోజునే ఇంట్లో పొయ్యికీ టెన్షన్ మొదలవుతుంది. పెద్ద కంపెనీకి ఈ బాధ ఇలా ఉండదు.

టెంట్ హౌస్ వాళ్ల సంగతి ఇంకా ఘోరం. వాళ్ల గురించి ఎక్కువమంది మాట్లాడలేదు కాబట్టి కాస్త ఆగి చెప్తాను. టెంట్ హౌస్‌కి మాఘం నుంచి జ్యేష్ఠం దాకా పెళ్లిళ్లలో వచ్చిందే ఏడాదికి తిండి. 2020లో వాటిల్లో ఉగాది తర్వాతవన్నీ పోయాయి. పెళ్లి జరిగినా యాభై మందికి మించకూడదన్నారు. యాభై మందికి షామియానా ఎవరు వేయించుకుంటారు, ఇంటి వరండా చాలు. పెళ్లివారు బయానాలు వెనక్కి అడిగారు. బయానా డబ్బు అప్పటికే కొత్త కుర్చీల మీద, జనరేటర్ రిపేరు మీద పెట్టేసి ఉంటారు కదా. సరే, వచ్చే ఏడాది చూద్దాం అనుకున్నారు. 2021 మొదట్లో గురు మూఢం, దాని వెనకే శుక్ర మూఢం. ముహూర్తాలన్నీ మే నెలకి వెళ్లాయి. మే 5న మన ఆంధ్రప్రదేశ్‌లో మధ్యాహ్నం 12 నుంచి కర్ఫ్యూ పెట్టారు. వారం తిరిగేసరికి 12వ తేదీ నుంచి తెలంగాణలో లాక్‌డౌన్, పొద్దున నాలుగు గంటలే సడలింపు. రెండేళ్లూ సరిగ్గా సీజన్ మీదే దెబ్బ. గోడౌన్‌కి నేను వెళ్లి చూశాను. గుండిగలు బోర్లించి దుమ్ము పట్టి ఉన్నాయి, మడతపెట్టిన షామియానా గుడ్డల్ని ఎలుకలు కొరికి చిల్లులు పెట్టాయి. ఆ గోడౌన్‌కి అద్దె మాత్రం నెలనెలా పడుతూనే ఉంది. క్యాటరింగ్ వాళ్లు, బ్యాండు మేళం, ఫోటోగ్రాఫర్లు, పూల డెకరేషన్ కుర్రాళ్లు, అందరిదీ ఇదే కథ.

ఇప్పుడు అప్పుల దగ్గరికి వద్దాం. 2020 మార్చి 27న రిజర్వు బ్యాంకు మారటోరియం అంది, అంటే అప్పు వాయిదాలు కొన్నాళ్లు ఆపుకోవచ్చని. మొదట మూడు నెలలు, తర్వాత ఆగస్టు 31 దాకా పొడిగించింది. మన బజార్లో చాలామంది దీన్ని మాఫీ అనుకున్నారు. వాయిదా కట్టక్కర్లేదు అన్నారే గానీ, వడ్డీ ఆగుతుందని ఎవరూ అనలేదు. 12 శాతం వడ్డీతో 5 లక్షల అప్పుంటే నెలకి 5 వేల వడ్డీ. ఆరు నెలలకి 30 వేలు వచ్చి అసలు మీద కూర్చుంటుంది. వడ్డీ మీద వడ్డీ వేయొద్దని సుప్రీంకోర్టులో కేసు నడిచింది. 2 కోట్ల లోపు అప్పులకి కేంద్రం ఆ భారం తనే మోసింది, 2021 మార్చిలో కోర్టు అందరికీ వర్తించేలా తీర్పిచ్చింది. కానీ మాఫీ అయింది వడ్డీ మీద వడ్డీయే. అసలు మీద వడ్డీ అలాగే ఉంది. చేతిలో డబ్బు ఉండి కూడా మారటోరియం తీసుకున్నవాళ్లు నష్టపోయారు. నిజంగా చేతిలో లేనివాళ్లకి అది ప్రాణం పోసింది. తప్పు పథకానిది అనను. బ్యాంకు పంపిన మెసేజ్‌ని తెలుగులో విడమరిచి చెప్పే మనిషి ఆ రోజుల్లో దొరకలేదు.

2020 మేలో అత్యవసర రుణ హామీ పథకం వచ్చింది. బ్యాంకుల్లో జీఈసీఎల్ అనేవాళ్లు. మొత్తం 3 లక్షల కోట్లు. తాకట్టు అక్కర్లేదు, ప్రభుత్వమే పూచీ. మొదటి ఏడాది వడ్డీ కడితే చాలు, అసలు సొమ్ము కట్టక్కర్లేదు, నాలుగేళ్లలో తీర్చొచ్చు. బ్యాంకులో వడ్డీ 9.25 శాతం మించకూడదన్నారు. మన లెక్కలో నూటికి నెలకి ముప్పావలా వడ్డీ. ఇంతకన్నా మంచి అప్పు చిన్న షాపుకి నా ఎరుకలో రాలేదు. అయితే ఎంతిస్తారు? 2020 ఫిబ్రవరి 29 నాటికి మీకు బ్యాంకులో ఉన్న అప్పులో 20 శాతం. 10 లక్షల ఓవర్‌డ్రాఫ్టు ఉన్నాయనకి 2 లక్షలు వచ్చింది. అసలు బ్యాంకు అప్పే లేనాయనకి? సున్నాలో 20 శాతం సున్నాయే.

అప్పు లేనివాడే అధిక సంపన్నుడు అని మన పెద్దలు చెప్పారు. మన బజార్లో చాలామంది ఆ మాట మీదే నిలబడ్డారు. ముప్పై ఏళ్లు బ్యాంకు గుమ్మం తొక్కకుండా, సొంత డబ్బుతో, చీటీ పాటలతో వ్యాపారం చేశారు. సరిగ్గా వాళ్లకే ముప్పావలా వడ్డీ అప్పు అందలేదు. నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం ఇది. పద్ధతిగా బతికిన మనిషిని కాగితాల్లో లేడని పక్కన పెట్టేశారు.

పక్కన పడ్డవాళ్లు ఎక్కడికి వెళ్లారు? డైలీ ఫైనాన్స్‌కి. దీని లెక్క మీ అందరి ముందూ వేస్తాను, దయచేసి ఫోన్లు పక్కన పెట్టి వినండి. చేతికి 9 వేలు ఇస్తాడు. రోజుకి వంద చొప్పున వంద రోజులు కడతారు, మొత్తం 10 వేలు. వెయ్యేగా వడ్డీ, తొమ్మిది వేల మీద వెయ్యి ఏం ఎక్కువ అనిపిస్తుంది. కానీ ఆ 9 వేలు మీ దగ్గర వంద రోజులూ ఉండవు. మొదటి రోజు నుంచే తిరిగి కడుతున్నారు. యాభయ్యో రోజుకి సగం పైన కట్టేసి ఉంటారు. అంటే సగటున మీరు వాడుకున్నది నాలుగున్నర వేలే. దాని మీద వంద రోజులకి వెయ్యి. లెక్క తేలిస్తే నూటికి నెలకి ఆరు రూపాయల పైచిలుకు వడ్డీ. ఒకే వీధిలో ఒకాయన ముప్పావలాకి, ఇంకొకాయన ఆరు రూపాయలకి అప్పు తెచ్చుకుని, ఇద్దరూ ఒకే ధరకి చీర అమ్మాలి. రెండో ఆయన ఎలా నిలబడతాడు చెప్పండి. పైగా లాక్‌డౌన్‌లో కలెక్షన్ కుర్రాడు రాలేదు. షట్టర్లు తెరిచాక వచ్చి, ఆగిన రోజులకి పెనాల్టీ అన్నాడు. దాన్ని తీర్చడానికి ఇంకో ఫైనాన్స్. నేను చూసిన ఐపీల్లో ఎక్కువ భాగం ఇలా మొదలైనవే.

బంగారం సంగతి ఇక్కడున్న ఆడవాళ్లకి నాకన్నా బాగా తెలుసు. 2020 ఆగస్టులో పది గ్రాముల ధర 56 వేలు తాకింది. అదే నెలలో, బ్యాంకులు బంగారం విలువలో 75 శాతం బదులు 90 శాతం దాకా అప్పివ్వొచ్చని రిజర్వు బ్యాంకు అనుమతించింది. 56 వేల బంగారం మీద 50 వేలు. ఎక్కువ వస్తోందని అందరూ సంతోషించారు. 2021 మార్చికి ధర 45 వేల దరిదాపుల్లోకి దిగింది. అంటే ధర ఆ శిఖరం మీద ఉన్నప్పుడు నిండా అప్పు తీసుకున్నవాళ్లకి, పెట్టెలో ఉన్న బంగారం కన్నా దాని మీద అప్పే ఎక్కువైంది. తేడా కట్టమని నోటీసులు, కట్టలేకపోతే వేలం. భార్య మెళ్లో నాంతాడు షాపు అద్దెకి తాకట్టు పెట్టి, దాన్ని వేలంలో పోగొట్టుకున్న ఇంట్లో ఆ తర్వాత మాటలు ఎలా ఉంటాయో మీరే ఊహించుకోండి. బంగారం మీద అప్పు తీసుకోవద్దని నేను అనడం లేదు. ఆరు రూపాయల ఫైనాన్స్ కన్నా అది ఎన్నో రెట్లు మేలు. ఇస్తున్నారు కదా అని నిండా తీసుకోవద్దు, ధర పడినా తట్టుకునేంత ఖాళీ ఉంచుకోండి అంటున్నాను.

ఫోన్ లోన్ యాప్‌ల గురించి ఎక్కువ చెప్పను. ఆ వేధింపులకి మనుషులే ప్రాణాలు తీసుకున్నారు. 2020 డిసెంబరులో హైదరాబాద్ పోలీసులు అరెస్టులు చేశారు, రిజర్వు బ్యాంకు హెచ్చరించింది. ఫోన్లో ఉన్న నంబర్లన్నీ చూస్తానని అడిగే యాప్‌లో ఎవరూ అప్పు చేయకండి.

అద్దెల విషయంలో మాత్రం మన ఊరి షాపు యజమానులకి నేను చేతులెత్తి దణ్ణం పెట్టాలి. లాక్‌డౌన్ పెట్టినంత మాత్రాన షాపు అద్దె రద్దు కాదని ఢిల్లీ హైకోర్టు 2020 మేలోనే ఒక కేసులో చెప్పింది. చట్టం మన వైపు లేదు. అయినా ఇక్కడ చాలామంది ఓనర్లు సగం అద్దె తీసుకున్నారు, కొందరు అడ్వాన్సులో తగ్గించుకున్నారు. ఒక పెద్దావిడ రెండు నెలలు అసలు అద్దె వద్దన్నారు. ఆమె బతుకుతున్నదే ఆ అద్దె మీద. అయితే ఇవన్నీ నోటి మాటలే. ఏడాది తర్వాత అడ్వాన్సులో ఎంత మిగిలిందని తగాదాలు వచ్చాయి. ఈసారి అగ్రిమెంటు రాసుకునేటప్పుడు, ప్రభుత్వం షాపు మూయిస్తే అద్దె ఎంత అన్న ఒక్క వాక్యం రాయించుకోండి.

తోపుడు బండ్ల వాళ్లకి 2020 జూన్‌లో మొదలైన కేంద్రం స్వనిధి పథకం కింద 10 వేలు అప్పు వచ్చింది, నవంబరులో మన రాష్ట్రంలో జగనన్న తోడు కింద ఇంకో 10 వేలు సున్నా వడ్డీకి. చిన్న మొత్తమే, కానీ ఇడ్లీ బండి మళ్లీ వెలిగించడానికి సరిపోయింది. ఎవరికి అందింది? మున్సిపాలిటీ సర్వేలో పేరున్నవాళ్లకి. సర్వేకి వచ్చినప్పుడు ఇంటి దగ్గర లేనివాళ్లు మళ్లీ రాయించుకోవడానికి తిరగాల్సి వచ్చింది. అక్కడా అదే, ఇక్కడా అదే. కష్టం వచ్చాక కాగితం పుట్టదు, ముందే ఉండాలి.

అందుకని సంఘం పెద్దల్ని నేను ఒకటి అడిగాను, వాళ్లు ఒప్పుకున్నారు. వచ్చే ఆదివారం పొద్దున సంఘం ఆఫీసులో నేను, మా కుర్రాళ్లు కూర్చుంటాం. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారంగా కేంద్రం దగ్గర పేరు నమోదు, లేనివాళ్లందరికీ చేసిపెడతాం. 2021 జులై నుంచి రిటైల్, హోల్‌సేల్ షాపులు కూడా అందులోకి వచ్చాయి. బ్యాంకులో ప్రాధాన్యత రుణానికి అది పనికొస్తుంది. దానికి ఫీజు ఒక్క రూపాయి లేదు, ఎవరైనా రెండు వేలు అడిగితే ఇవ్వకండి. ఆధార్, దానికి కలిపిన ఫోను, పాన్ కార్డు తెచ్చుకోండి. జీఎస్టీ లేని బడ్డీ కొట్టు వాళ్లకి ఉద్యమ్ అసిస్ట్ అని వేరే దారి ఉంది, వాళ్లూ రావచ్చు. ప్రింటింగ్ ప్రెస్ వాళ్లు, చిన్న తయారీదార్లు తప్పకుండా రండి. మీకు 45 రోజుల్లో డబ్బు కట్టని పార్టీ మీద చట్టప్రకారం వడ్డీ అడిగే హక్కుంది. షాపుల వాళ్లకి అది లేదు, మీకుంది.

బ్యాంకులో షాపు పేరు మీద కరెంట్ అకౌంట్ లేనివాళ్లకి అదే రోజు ఫారం నింపుదాం. ఇంటి ఖర్చుకి నెలకి ఇంత అని షాపులోంచి జీతంలా తీసుకోవడం అలవాటు చేసుకోండి. ఆరు నెలలు అలా రాస్తే మీ పుస్తకం చూసి బ్యాంకు మేనేజరు మాట్లాడే తీరే మారుతుంది. ముద్ర పథకంలో శిశు అనే రుణం 50 వేల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు. అవసరం లేకపోయినా ఒకసారి తీసుకుని సక్రమంగా తీర్చండి, బ్యాంకులో మీ పేరు ఉంటుంది.

డైలీ ఫైనాన్స్ నడుస్తున్నవాళ్లు మొహమాటపడకుండా ఆ కలెక్షన్ కార్డు కూడా తెచ్చుకోండి. లోపల గదిలో విడిగా కూర్చుందాం. ఎంత కట్టారు, ఎంత మిగిలింది చూసి, దాన్ని బ్యాంకు అప్పులోకి మార్చే వీలుంటే దరఖాస్తు అక్కడే రాద్దాం. తొమ్మిదింటికల్లా తలుపులు తీసి ఉంచుతాం.